మిగిలిపోతున్న మీల్ ప్లాన్ భోజనాలు ఆకలితో ఉన్న తోటి విద్యార్థికి చేరేదెలా? సలహాలు కావాలి

ఏలూరు_కాలువ

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడి విద్యార్థి సంఘంలో భోజన వసతులు చూసే ఉపసంఘం సభ్యురాలిని. వచ్చే నెల సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. ఈ వేదికలో అమెరికాలో చదువుతున్నవారు, చదివినవారు, పిల్లల్ని చదివిస్తున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. మా దగ్గర మొదటి ఏడాది హాస్టల్లో ఉండేవాళ్లు మీల్ ప్లాన్ కొని తీరాలి. ఎక్కువమంది తీసుకునేది వారానికి 14 భోజనాల ప్లాన్. డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు గీయగానే ఒక భోజనం ఖర్చయినట్టు. దాన్నే స్వైప్ అంటారు. ఆదివారం రాత్రితో వారం లెక్క ముగుస్తుంది. మిగిలినవి సోమవారానికి రావు, డబ్బూ తిరిగి రాదు. పొద్దున్న నిద్ర లేవలేక, శనివారం ఊరెళ్లి, స్నేహితులతో బయట తిని, వారానికి మూడు నాలుగు వదిలేసేవాళ్లు నా అంతస్తులోనే ఎంతమందో.

అదే క్యాంపస్‌లో మన ఎమ్మెస్ విద్యార్థులు బయట అద్దె ఇళ్లలో ఉంటారు. వాళ్లకు మీల్ ప్లాన్ ఉండదు. నెలాఖరులో అన్నం, ఆవకాయ మీద గడిపేవాళ్లు నాకు తెలుసు. మన వాళ్లే కాదు, ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికన్ పిల్లల్లోనూ ఉన్నారు. వాడని స్వైప్‌లను వీళ్లకు మళ్లించే పద్ధతి మా దగ్గర ఇంకా లేదు. ఎలా మొదలుపెట్టాలి? ఎక్కడ అడ్డు పడుతుంది?

గిన్నెల_గది

మంచి పని తలపెట్టారండీ. నేను రెండేళ్లు డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే విభాగంలో పనిచేశాను. పళ్లేలు బెల్టు మీద వరుసగా లోపలికి వస్తాయి. ఒక్క ముక్క కొరికి వదిలేసిన పిజ్జా, ముట్టుకోని అరటిపండు, గరిటెడు అన్నం అలాగే. చేత్తో తుడిచి తొట్టిలో వేసి, నీళ్లు కొట్టి, ట్రేలో పెట్టాలి. రాత్రి ఎనిమిదిన్నరకు వడ్డించే బల్లల మీది పెద్ద పాత్రలు వెనక్కి వస్తాయి. ఒక్కోసారి సగం పాత్ర పప్పుచారు లాంటి సూప్ అలాగే ఉంటుంది.

కానీ ఒక సంగతి ముందే తేల్చుకోండి. పళ్లెంలో వదిలేసింది ఎవరికీ పెట్టలేం. పాత్రలో మిగిలింది జాగ్రత్తగా పెట్టవచ్చు. వాడని స్వైప్ ఈ రెండింటిలోకీ రాదు. అది ఇంకా వండని భోజనం. దాన్ని ఇంకొకరికి ఇస్తే ఆ మనిషి వచ్చి, అందరితోపాటు వరుసలో నిలబడి, వేడివేడిగా తనకు నచ్చింది వడ్డించుకుని తింటాడు. మిగిలింది తినడం కాదు. ప్రతిపాదనలో ఈ మూడూ కలిపేస్తే సమావేశంలో ఆరోగ్య శాఖ నిబంధనల మీదే గంట గడిచిపోతుంది.

డాలస్_అమ్మ

నాకు ఒళ్లు మండిపోతోంది. మా అబ్బాయి కాలేజీకి ప్రతి సెమిస్టరూ మీల్ ప్లాన్ కడుతున్నాం. వాడు పొద్దున్న టిఫిన్‌కు వెళ్లిన పాపాన పోలేదు. ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? దానం చేయమని పిల్లల్ని అడిగే ముందు, తినని భోజనానికి డబ్బు తిరిగి ఇవ్వమని భోజనశాల నడిపే కంపెనీని అడగాలి కదా? మేము కట్టిన డబ్బుతో పుణ్యం వాళ్ల ఖాతాలో పడుతోంది.

లెక్కల_బల్ల

డాలస్_అమ్మ గారూ, మీ కోపం న్యాయమైనదే. ఒక విశ్వవిద్యాలయం భోజన విభాగం లెక్కల్లో పనిచేశాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

మీల్ ప్లాన్ ధర కట్టేటప్పుడే అందరూ అన్ని భోజనాలూ తినరని ముందుగా లెక్క వేసుకుంటారు. నూటికి ఇన్ని తప్పిపోతాయని ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనా మీదే సరుకు కొంటారు, మనుషుల్ని పెట్టుకుంటారు, ఒక్కో భోజనం ధర తేలుస్తారు. అంటే మీ అబ్బాయి తినని టిఫిన్ ధర కొంతవరకు అందరి ప్లాన్‌లోనూ ముందే తగ్గించి ఉంటుంది. రేపు ప్రతి ఒక్కరూ ప్రతి స్వైప్‌నూ వాడితే వచ్చే ఏడాది ధర పెరుగుతుంది.

ఏలూరు_కాలువ గారూ, మీకు అడ్డు పడేది ఇక్కడే. చాలా క్యాంపస్‌లలో భోజనశాలలు నడిపేది అరమార్క్, సొడెక్సో, కంపాస్ గ్రూపు వారి చార్ట్‌వెల్స్ లాంటి గుత్తేదారులు. కొన్నిచోట్ల విశ్వవిద్యాలయమే నడుపుతుంది. ఎవరైనా సరే, 'మిగిలినవన్నీ ఇచ్చేస్తాం' అంటే ఒప్పుకోరు. విద్యార్థికి సెమిస్టర్‌కు కొన్ని స్వైప్‌లు మాత్రమే ఇచ్చే వీలు, మొత్తం మీద ఒక పరిమితి, ఇలాగే మొదలవుతుంది. కొన్నిచోట్ల స్వైప్‌ను పూర్తి ధరకు కాకుండా సరుకు ఖర్చుకు లెక్కగట్టి ఆ డబ్బును క్యాంపస్‌లో విద్యార్థులకు ఉచితంగా సరుకులు ఇచ్చే ఫుడ్ ప్యాంట్రీకి ఇస్తారు. ఏ పద్ధతికైనా ఒప్పందం కాగితం చూడకుండా మాట్లాడకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం అయితే ఆ ఒప్పందం మామూలుగా సమాచార చట్టం కింద అడిగి తీసుకోవచ్చు.

ఏలూరు_కాలువ

ఇది నాకు అస్సలు తెలియని విషయం. రేపే ఒప్పందం కోసం దరఖాస్తు పెడతాను. వేరే క్యాంపస్‌లలో దీన్ని ఎలా సాధించారు?

లెక్కల_బల్ల

అందరూ చెప్పుకునేది లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ఉదాహరణ. 2010లో రేచల్ సుమేఖ్, ఆమె స్నేహితులు తమ మిగులు స్వైప్‌లతో భోజనాలు తీసుకుని ఊళ్లో ఇల్లు లేనివాళ్లకు పంచడంతో మొదలుపెట్టారు. తర్వాత చూస్తే ఆకలి తమ తరగతి గదుల్లోనే ఉంది. దాంతో తోటి విద్యార్థుల వైపు తిరిగారు. అదే స్వైప్ అవుట్ హంగర్ అనే సంస్థ అయింది. ఇప్పుడు వందల క్యాంపస్‌లతో కలిసి పనిచేస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దారి చూపడం వాళ్ల పనే, కాబట్టి ముందు వాళ్లకు రాయండి.

కాలిఫోర్నియా 2017లో ఆకలి లేని క్యాంపస్ అనే పేరుతో రాష్ట్ర బడ్జెట్‌లో 75 లక్షల డాలర్లు పెట్టింది. ఆ డబ్బు కావాలంటే క్యాంపస్‌లో ఫుడ్ ప్యాంట్రీ ఉండాలి, ప్రభుత్వ ఆహార సాయానికి దరఖాస్తు చేయించే ఉద్యోగి ఉండాలి, స్వైప్‌లు పంచుకునే ఏర్పాటు చూపాలి. 2019లో న్యూజెర్సీ కూడా అలాంటి చట్టమే చేసింది.

అట్లాంటాలో స్పెల్మన్, మోర్‌హౌస్ కళాశాలల విద్యార్థులు 2017లో ఇదే కోరికతో నిరాహార దీక్షకు దిగారు. తాము డబ్బు కట్టిన భోజనాన్ని పక్కవాడికి ఇచ్చుకునే హక్కు కోసం అన్నం మానేశారు. యాజమాన్యాలు దిగివచ్చాయి.

వరంగల్_వాన

చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను ఎమ్మెస్ చదువుతున్నాను. మీరంతా ఇచ్చేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. తీసుకునేవాళ్ల సంగతి చెబుతాను.

మా నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపించారు. మాకు క్యాంపస్‌లో సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేసే అనుమతి లేదు. ఆ పని దొరకడమే గగనం. అద్దె కట్టాక మిగిలేది సరుకులకు, బస్సుకు. నలుగురం కలిసి ఉంటాం, వంతులవారీగా వండుకుంటాం. పరీక్షల వారంలో ఎవరి వంతూ నడవదు. పొద్దుటి నుంచి రాత్రి పది వరకు ల్యాబ్‌లో ఉన్న రోజున ఒక పూట తింటే గొప్ప. అమ్మ వీడియోలో 'తిన్నావా?' అని అడిగినప్పుడు పప్పు, వంకాయ కూర అని వరసగా చెప్పేస్తాను.

అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం స్నాప్ మా వీసా వాళ్లకు వర్తించదు. కాబట్టి మాకున్న దారి ప్యాంట్రీ ఒక్కటే. ఒకసారి ఒక సంస్థ వాళ్లు పెట్టిన ఉచిత భోజనాల బల్ల దగ్గరకు వెళ్తే పేరు, విభాగం, 'మీకు సాయం ఎందుకు అవసరం?' అనే ప్రశ్న ఉన్న కాగితం చేతికిచ్చారు. వెనక వరుసలో నేను ట్యూటర్‌గా పాఠం చెప్పే పిల్లలు నిలబడి ఉన్నారు. కాగితం బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

మీరు స్వైప్‌లు ఎన్ని పోగు చేసినా, తీసుకోవడానికి అలాంటి కాగితం పెడితే మాలాంటివాళ్లు రారు.

గిన్నెల_గది

తమ్ముడూ, కడుపు తరుక్కుపోయింది. నీ సందేశం ఈ చర్చలో అన్నింటికన్నా ముఖ్యమైనది.

నాకు తెలిసిన ఒక క్యాంపస్‌లో ఏం చేస్తారో చెబుతాను. ఒక చిన్న ఆన్‌లైన్ పత్రంలో విద్యార్థి సంఖ్య ఒక్కటే నింపాలి. కారణం అడగరు. రెండు రోజుల్లో కొన్ని భోజనాలు నేరుగా మన గుర్తింపు కార్డులోకే వచ్చేస్తాయి. గుమ్మం దగ్గర కూర్చునే ఆమె కార్డు గీస్తుంది, పచ్చ దీపం వెలుగుతుంది, తెర మీద మన ఫొటో, 'భోజనం 1 తగ్గింది' అని పడుతుంది. డబ్బు కట్టి కొన్న ప్లాన్‌కూ ఇదే పచ్చ దీపం, ఇదే చప్పుడు. కార్డు గీసే ఆమెకు కూడా తేడా తెలియదు. రంగు కూపన్లు, వేరే వరుస, వేరే బల్ల ఏవీ ఉండవు. ఏలూరు_కాలువ గారూ, మిగతా వాటిలో ఎంత సర్దుకున్నా దీని దగ్గర మాత్రం పట్టు వదలకండి.

కృష్ణ_ఒడ్డు

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. వీసాకు వచ్చేటప్పుడు ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని కాగితాలు చూపించి వచ్చాం. ఇప్పుడు ఇక్కడి పేదల కోసం పెట్టిన ప్యాంట్రీల ముందు వరుస కడితే మన పేరు ఏం కావాలి? కార్లు వేసుకుని వచ్చి సంచులు నింపుకుని, వీడియోలు తీసి పెట్టేవాళ్లను చూశాం. దానివల్ల నిజంగా అవసరమైనవాళ్లకు చెడ్డపేరు వస్తోంది. ముందు మన సంఘాలు, మన గుళ్లు మన పిల్లలకు పెట్టుకోవాలి.

వరంగల్_వాన

అన్నా, అవసరం లేకుండా సంచులు నింపుకునేవాళ్లను నేనూ సమర్థించను. కానీ కాగితాల మీద చూపిన డబ్బు అప్పు తెచ్చిన డబ్బు. రూపాయి పడిపోయింది, అద్దె పెరిగింది. అప్పుడు చూపించిన లెక్క ఇప్పుడు సరిపోవడం లేదు. గుడిలో వారాంతాల్లో ప్రసాదం పెడతారు, నిజమే, చేతులెత్తి దండం పెడతాను. కానీ మా గుడి 40 మైళ్ల దూరం. కారు లేనివాడు ఎలా వెళ్లాలి?

లెక్కల_బల్ల

> కృష్ణ_ఒడ్డు రాసినది: ఇక్కడి పేదల కోసం పెట్టిన ప్యాంట్రీల ముందు వరుస కడితే

క్యాంపస్ ప్యాంట్రీ విద్యార్థుల కోసమే పెట్టింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1993లోనే విద్యార్థులు విద్యార్థుల కోసం ఆహార నిధి మొదలుపెట్టారు. అక్కడి నుంచే ఈ ఒరవడి పాకింది. మామూలుగా విద్యార్థి గుర్తింపు కార్డు ఉంటే చాలు, వీసా ఏదని అడగరు. ప్యాంట్రీ సరుకు తీసుకోవడం వీసాకు అడ్డు రాదు. అయినా అనుమానం ఉంటే విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగండి.

ఇది మన ఒక్కరి బాధ అనుకోకండి. అమెరికా కాంగ్రెస్ కోసం పనిచేసే జవాబుదారీ కార్యాలయం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో కళాశాల విద్యార్థుల్లో 23 శాతం మంది, అంటే సుమారు 38 లక్షల మంది, ఆహార భద్రత లేనివాళ్లే. వాళ్లలో ఎక్కువమంది ఇక్కడి పౌరులే. వాళ్లకు కూడా స్నాప్ అంత తేలికగా రాదు. సగం లేదా అంతకన్నా ఎక్కువ చదువు భారం ఉన్న విద్యార్థి వారానికి 20 గంటలు పనిచేస్తేనో, చిన్నపిల్లలు ఉంటేనో, అలాంటి మినహాయింపులు ఉంటేనే అర్హుడు. వారంలో సగానికి మించిన భోజనాలు మీల్ ప్లాన్ మీద ఉంటే అసలు అర్హతే లేదు. అర్హత ఉన్నవాళ్లలోనూ సగానికి పైగా అందుకోవడం లేదని అదే నివేదిక చెప్పింది.

కృష్ణ_ఒడ్డు

విద్యార్థుల కోసమే పెట్టిందంటే సరే. వీడియోల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. దూరం గుడి విషయానికొస్తే, వరంగల్_వాన, నువ్వు ఏ ఊళ్లో ఉన్నావో నాకు విడిగా సందేశం పెట్టు. మా సంఘం వాళ్లు ఆ దారిలో ప్రతి శనివారం సరుకులకు వెళ్తారు, బండిలో చోటు ఉంటుంది.

మాస్టారు

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మీ చర్చ చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయన వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోజనం. ఒక ఇంటివాళ్లు ఊరెళితే ఆ రోజు పస్తు. పెట్టిన ఇల్లాళ్లను ఆయన చివరిదాకా పేరుపేరునా తలుచుకునేవారు. ఎవరి విస్తరి ఎక్కడ వేసేవారో, ఎవరు ముందు తినాలో కూడా చెప్పేవారు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వారాలు అందరికీ దొరికేవి కావు. కులం చూసే పెట్టేవారు. ఆయనతో చదివిన దళిత విద్యార్థికి ఆ వీధిలో ఒక్క గుమ్మమూ తెరుచుకోలేదు. గిన్నెల_గది చెప్పిన కార్డు పద్ధతిలో ఎవరు పెడుతున్నారో తినేవాడికి తెలియదు, ఎవరు తింటున్నారో పెట్టేవాడికి తెలియదు. అందుకే నాకు అది అంతగా నచ్చింది.

మన దగ్గర కూడా కళాశాల పిల్లల ఆకలి కొత్త సంగతి కాదు. పల్లె నుంచి పొద్దున్న ఆరింటి బస్సుకు వచ్చే పిల్లలు మధ్యాహ్నం మూడో పీరియడ్‌కే తల వాల్చేసేవారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉండి, పదో తరగతి దాటగానే ఆగిపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా డొక్కా సీతమ్మ గారి పేరు మీద మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు పెట్టడం సముచితం. డిగ్రీ పిల్లలకు మాత్రం ఇంకా ఏమీ లేదు. వాళ్లు అయిదు రూపాయల క్యాంటీన్ దగ్గర రిక్షావాళ్లతో, కూలీలతో కలిసి నిలబడతారు. అందులో తప్పు లేదు, కానీ క్లాసుల మధ్య సమయం చాలదు.

మెస్_కార్యదర్శి

మన విశ్వవిద్యాలయ హాస్టళ్ల గురించి ఒక మాట. మా దగ్గర డివైడింగ్ మెస్. నెల ఖర్చంతా తిన్న రోజుల మీద పంచుతాం. ముందుగా చెప్పి ఊరెళ్లినవాడికి మెస్ కట్, అంటే ఆ రోజుల ఖర్చు పడదు. కాబట్టి స్వైప్ లాగా వృథా అయ్యే భోజనం లేదు. మా బాధ వేరు. బిల్లు బకాయి పడ్డవాడికి మెస్ ఆపేస్తారు. స్కాలర్‌షిప్పు ఆరు నెలలు ఆలస్యమైతే వాడి తప్పేమిటి? మేము ఒక ఏడాది పండుగ రోజు ప్రత్యేక భోజనం మానేసి ఆ డబ్బు బకాయిలకు జమ చేశాం. ఎవరి బకాయి తీర్చామో వార్డెన్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఏలూరు_కాలువ

మాస్టారు గారూ, మెస్_కార్యదర్శి గారూ, మీ ఇద్దరి మాటలూ నోట్ చేసుకున్నాను. గిన్నెల_గది గారూ, పాత్రల్లో మిగిలే ఆహారం సంగతి కూడా చెబుతారా? దాన్ని వేరే ప్రతిపాదనగా పెడదామని ఉంది.

గిన్నెల_గది

వేరేగానే పెట్టండి. దీనికి 2011లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం కాలేజ్ పార్క్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన ఫుడ్ రికవరీ నెట్‌వర్క్ ఉంది. వడ్డన అయ్యాక మిగిలింది తీసుకుని ఊళ్లోని ఆశ్రమాలకు చేరుస్తారు. 'ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కేసు పడుతుంది' అని మేనేజర్లు భయపడతారు. సదుద్దేశంతో ఆహారం దానం చేసేవాళ్లకు 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం రక్షణ ఇస్తుంది. ఆ చట్టం ప్రతి ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లండి.

అసలు కష్టం చట్టం కాదు, చల్లార్చడం. వేడి వంటకం 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా ఉండాలి. దాచాలంటే రెండు గంటల్లో 70కి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 41కి దిగాలి. లోతు పాత్రలో అన్నం అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో వేడి రాత్రంతా ఉంటుంది. వెడల్పాటి పళ్లేల్లో రెండంగుళాల మందాన పరిచి, గంట గంటకూ సూది ఉష్ణమాపి గుచ్చి కాగితం మీద రాయాలి. మూసే వేళకు అలసిపోయిన వంటవాళ్లకు ఇది అదనపు పని. దానికి జీతం ఉన్న మనిషిని అడగండి. 'వాలంటీర్లు చూసుకుంటారు' అని వదిలేస్తే పరీక్షల వారంలో ఆగిపోతుంది.

డాలస్_అమ్మ

మొదట కోపంతో రాశాను. ఆ కోపం ఇంకా ఉంది, కంపెనీ మీద. కానీ ఆ బాబు ల్యాబ్‌లో ఆకలితో కూర్చోవడం చదివాక నిద్ర పట్టలేదు. మా అబ్బాయికి ఫోన్ చేసి అడిగితే వాళ్ల క్యాంపస్‌లో స్వైప్‌లు ఇచ్చే ఏర్పాటు ఉందట. సెమిస్టర్‌కు అయిదే ఇవ్వనిస్తారట. అయిదెందుకు? తల్లిదండ్రుల సంఘం తరఫున విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తున్నాం. తినని భోజనాల మొత్తం లెక్క ప్రతి సెమిస్టరూ బయటపెట్టాలి, పరిమితి పెంచాలి. డబ్బు కట్టేది మేము కాబట్టి మా మాట వినక తప్పదు. ఏలూరు_కాలువ, అమ్మా, నీకు కావాలంటే ఆ ఉత్తరం నకలు పంపిస్తాను.

ఏలూరు_కాలువ

తప్పకుండా పంపండి ఆంటీ. తల్లిదండ్రుల ఉత్తరం జత చేస్తే మా ప్రతిపాదనకు బలం వస్తుంది.

ఇంతవరకు నేను తేల్చుకున్నది ఇది. కారణం అడగని దరఖాస్తు, భోజనాలు నేరుగా కార్డులోకి. మొదటి సెమిస్టర్‌కు కంపెనీ చెప్పిన పరిమితితోనే మొదలుపెట్టి, లెక్కలు బయటపెట్టమని అడగడం. వరంగల్_వాన, మీ దగ్గర ఇంకేమైనా తోస్తే చెప్పండి. మీ పేరు ఎక్కడా రాయను.

వరంగల్_వాన

రెండు విషయాలు. పెళ్లయి భార్యను డిపెండెంట్ వీసా మీద తెచ్చుకున్న స్నేహితులు ఉన్నారు. ఆమెకు విద్యార్థి కార్డు ఉండదు, పని చేసే అనుమతీ లేదు. అతను తిని ఆమె ఇంట్లో పస్తుంటే ఏం లాభం? రెండోది, డిసెంబరు సెలవుల్లో డైనింగ్ హాళ్లు మూసేస్తారు. ఇళ్లకు వెళ్లలేని మేమంతా అప్పుడే క్యాంపస్‌లో ఉంటాం.

లెక్కల_బల్ల

రెండింటికీ స్వైప్ పనికిరాదు, ప్యాంట్రీయే దిక్కు. అందుకే సెమిస్టర్ చివరి వారంలో మిగిలిన స్వైప్‌లను సరుకు ధరకు డబ్బుగా మార్చి ప్యాంట్రీకి ఇచ్చే షరతు ఇప్పుడే రాయించండి. ప్యాంట్రీ తీసుకునేవాళ్ల దరఖాస్తులో ఇంట్లో ఎంతమంది అనే గడి ఉంటే భార్యకు కూడా సరుకు వస్తుంది. సెలవులకు ముందు శుక్రవారం ప్యాంట్రీ ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో, జనవరిలో ఎప్పుడు తెరుస్తారో కూడా ప్రతిపాదనలోనే తేదీలతో అడగండి. బియ్యం, కందిపప్పు, నూనె తెప్పించమని కూడా రాయండి. డబ్బాల్లో వచ్చే మాంసం సూప్ మన పిల్లలు చాలామంది ముట్టరు.

ఏలూరు_కాలువ

కందిపప్పు సంగతి బాగా చెప్పారు. మా ప్యాంట్రీ బాధ్యురాలితో గురువారం మాట్లాడుతున్నాను, ఆమె ఏమన్నదీ ఇక్కడే రాస్తాను.